గడియారం కింది రంగు

సోహార్ రేవుల ఏడో నంబరు ట్యాంకు చుట్టూ
స్కాఫోల్డింగ్ పైపులు బిగిస్తున్నం:
నేను, నా తమ్ముడు ఓదెలు,
కింద నిలబడి కేకలేసే స్కాట్లాండ్ సూపర్‌వైజరు కాలమ్.
సూర్యుడు ఒక్కడే. హాజరు పట్టీ కూడ ఒక్కటే.

మూడో రోజుకే నేను రొట్టెల పెనం.
ఓదెలు ముందుగాల ఎర్రగైతడు,
మెడ మీద పొక్కులు లేస్తయి,
వారం పోయినంక ఉల్లిపొర లెక్క తోలు ఊడి
అప్పుడు, ఇష్టం లేకుంట, కొద్దిగ నల్లబడ్తడు.
కాలమ్ సారుకు ఆ కొద్దిగ కూడ రాదు.
కొలిమిల పెట్టిన పార. దానిమీద గోధుమరంగు చుక్కలు.
జేబుల తెల్ల క్రీము డబ్బా.

ఇంటికాడ ఓదెలును దొర అని పిలిచేటోళ్లు.
మేనత్త వాని చెంప గిల్లి నా చెంప కాడ ఆగిపోయేది.
నా పెండ్లిచూపులకు వాణ్ని వెంట తేవద్దని
పెద్దమ్మ చాటుకు తీసుకపోయి చెప్పింది.
ఇరవై ఏండ్లు ఆ తెలుపు మీద కోపం మోసిన.
ఇక్కడ గదే తెలుపు వాని పేరు మీద అప్పు,
పదకొండు దాటితే వడ్డీ అడుగుతడు సూర్యుడు.

క్యాంపు దవాఖానల సూడాన్ డాక్టరమ్మ ఇహ్సాన్
వాని వీపుకు మందు పూస్తూ చెప్పింది,
సగం హిందీ, సగం చేతులతోని:
ఎండ తోలును కొడితే లోపల ఒక కబురు బయలెల్తది,
నలుపు తయారుజెయ్యి అని.
ఆ కబురు అందుకునే తలుపులు అమ్మానాయన పెట్టినయి.
కొందరి తలుపు ఒక్క తట్టుకే తెరుచుకుంటది,
కొందరిది మొండి గడియ,
కొందరి తలుపుకు పిలుపే ఇనబడదు.
కిటికీల నుంచి కాలమ్ సారు కనబడుతుండు, గొడుగు కింద.

మేం ఒక్క తల్లి పిల్లలం గద మేడమ్, అన్న.
మా శుక్రారం పత్తాలాట ఆమెకెరుకే.
కట్ట ఒక్కటే, పంచుడు రెండుసార్లు, అన్నది.

ఇంకో ముచ్చట చెప్పింది, అది ఇప్పటికీ పోలేదు.
ఆ నల్ల నూకలు ఒక్కో కణంల
నడిమి గదికి పైన, సరిగ్గ ఎండ తగిలే దిక్కున
గొడుగు లెక్క కూసుంటయట.
రాత్రి బంకు మీద పండుకొని నా మోచేతిని చూసిన.
లోపల గింతమంది కూలోళ్లు
తలకు రుమాల చుట్టుకొని నిలబడ్డరా!
వీళ్లకు ఓవర్‌టైం ఎవలిస్తరు?

గొడుగే గని స్లాబు కాదు, అని కూడ అన్నది.
అది నిజం. మా అందరికంటె నల్లనోడు గుల్ జమాన్,
పోయిన జూన్‌ల నిచ్చెన మొదట్ల కూలిండు,
పెదవుల మీద ఉప్పు.

ఆ తెల్లారి నుంచి ట్యాంకుకు పడమటి దిక్కు నాది,
నీడ దిక్కు ఓదెలుది.
ఎందుకే అన్నా అంటే
పెద్దోణ్ని, నా ఇష్టం, అన్న.
ఇరవై ఏండ్ల కోపం గప్పుడే యాడనో జారిపోయినట్టుంది,
స్పానర్ పడ్డట్టు. చప్పుడు కూడ ఇనలే.

చెల్లె శారవ్వ కడుపుతోనుంది.
మంచి కుంకుమపువ్వు తే అన్నా, పిల్ల ఎర్రగ పుట్టాలె, అన్నది.
సూక్‌ల రెండు గ్రాముల డబ్బా కొన్న.
పాలల్ల ఏసుకో చెల్లే, రుచికి.
పత్తాలు ఎప్పుడో పంచిండ్రు.
మేనమామ మీద ఎండ రాసింది పిల్లకు రాదు,
రాయించుకునే పలక మాత్రం వస్తదేమో.

మస్కట్‌ల వెళ్లే దినం, కౌంటర్ల పోరడు
పాస్‌పోర్టు చూసిండు, నన్ను చూసిండు, మళ్ల పాస్‌పోర్టు.
గడియారం విప్పి మణికట్టు అద్దానికి ఆనిచ్చిన:
ఇగో సారు, ఫోటోల మనిషి ఈడ ఉన్నడు.
నవ్వి ముద్ర కొట్టిండు.
ఏసీ గాలికి ఆ రెండేళ్ల వెడల్పు చర్మం
చలికి లేచి నిలబడ్డది,
ఎన్నడూ బయటికి రాని పిల్లగాని లెక్క.